ఆలుమడిలో వాము వాసన

పొలం తడిగానే ఉంది. ఆకు పచ్చగానే ఉంది. పురుగు కొరికిన జాడ లేదు, మచ్చ లేదు. అయినా ఎండ ఎక్కేసరికి ఆలుమొక్కలో ఒక కొమ్మ తల వాల్చేస్తుంది. పొద్దు వాలాక కాస్త తేరుకుంటుంది. మర్నాడు రెండు కొమ్మలు వాలతాయి. మూడు నాలుగు రోజులు గడిచేసరికి మొక్క మొత్తం పచ్చిమీదే వాడి, నేలకు ఒరిగిపోతుంది. నీళ్లు చాలలేదేమోనని రైతు ఇంకో తడి పెడతాడు. ఆ నీటి వెంటే జబ్బు పక్క చాలుకు పాకుతుంది.

వేళ్ల చుట్టూ నీళ్లుండగా మొక్క దాహంతో ఎందుకు చచ్చిపోతుంది?

 టాటా కంపెనీ కొలువులకు జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌కు వచ్చి తరాలుగా ఈ ఊళ్లోనే ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు ఆలు వేపుడు, ఆలు కుర్మా రోజువారీ తిండి. ఆ ఆలు ఎక్కువగా వచ్చేది మాత్రం పశ్చిమ బెంగాల్ నుంచి. 2024లో బెంగాల్ ప్రభుత్వం సరిహద్దు దగ్గర ఆలు లారీలను ఆపేసినప్పుడు జార్ఖండ్ బజార్లలో ధర ఎగిరిపడింది. చుట్టూ ఇంత పొలం పెట్టుకుని ఆలుకోసం పక్క రాష్ట్రం వైపు చూడటమేమిటని అప్పుడు చాలామంది అడిగారు. సాగునీరు, శీతల గిడ్డంగులు, మంచి విత్తనం వంటి కారణాలు చాలానే ఉన్నాయి. వాటితోపాటు నేలలో కాపురమున్న ఒక బాక్టీరియా కూడా ఉంది. ఆలుకు అది తెచ్చే వాడు తెగులు బెడద ఉన్న ప్రాంతాల జాబితాలో సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఛోటానాగ్‌పూర్ పీఠభూమిని కూడా చేర్చింది. మన దేశంలో ఈ జబ్బు 1892లోనే పుణె ప్రాంతంలో నమోదైంది. దీనికి కారణం బాక్టీరియా అని 1896లో అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ వివరించాడు. నూట ముప్పై ఏళ్లు గడిచినా, మొక్కలోకి దిగాక దాన్ని నయం చేసే మందు లేదు.

అందుకే నిమ్మగడ్డి, పామరోజా, వాము వంటి వాసన మొక్కల మీద శాస్త్రవేత్తల చూపు పడింది. ఈ మొక్కలు చేయగలిగిందేమిటో, చేయలేనిదేమిటో రైతుకు స్పష్టంగా తెలియాలి. ‘సహజం’ అన్న ముద్ర వేసిన ప్రతి సీసా రైతు జేబుకు చిల్లు పెట్టే రోజులివి.

నాళాల్లో జిగురు

ఈ బాక్టీరియా పేరు రాల్‌స్టోనియా సొలనేసియారమ్. మట్టిలో ఉంటూ వేరులో సందు కోసం చూస్తుంది. పక్కవేరు పొడుచుకొచ్చే చోట ఏర్పడే సన్నటి చీలిక దానికి చాలు. కలుపు తీసేటప్పుడు పార తగిలిన గాయమైనా, నులిపురుగు చేసిన రంధ్రమైనా సరే. లోపలికి దూరి, వేరు నుంచి ఆకుకు నీరు మోసే దారునాళాల్లోకి చేరుతుంది.

అక్కడికి చేరగానే దాడి మొదలుపెట్టదు. బాక్టీరియాలు పెరుగుతూ ఒక రసాయన సంకేతాన్ని వదులుతుంటాయి. సంఖ్య పెరిగేకొద్దీ సంకేతమూ చిక్కబడుతుంది. అది ఒక మోతాదు దాటినప్పుడే అన్నీ కలిసి జిగురు తయారుచేయడం మొదలుపెడతాయి. అప్పటిదాకా మొక్క పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. జిగురు పోగుపడ్డాక నాళాలు పూడిపోతాయి. కింద నీళ్లున్నా పైకి ఎక్కవు. ఆకు పసుపెక్కి ఎండే వ్యవధి కూడా లేకుండా పచ్చగా ఉన్నప్పుడే వాడిపోవడానికి కారణం ఇదే.

――――――
గ్లాసు నీళ్లతో పరీక్ష

వాడిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా, వేలెడు పొడవున కోయండి. గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా ముక్కను దారంతో వేలాడదీయండి. గ్లాసును కదపకూడదు. వాడు తెగులైతే కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి దారాలు నిట్టనిలువుగా కిందికి దిగుతాయి. నాళాల్లో కిక్కిరిసిన బాక్టీరియా, దాని జిగురు అలా బయటికి కారతాయి. నీళ్లు తేటగానే ఉంటే కారణం వేరే: శిలీంధ్రమో, వేరుపురుగో, నీటి ఎద్దడో కావచ్చు.

దుంపను అడ్డంగా కోసినా తెలుస్తుంది. తొక్కకు కాస్త లోపల గోధుమరంగు వలయం ఉంటుంది. నొక్కితే అక్కడినుంచి తెల్లటి చీము ఉబుకుతుంది. అదే చీము కళ్లలోంచి కారడంవల్ల తవ్విన దుంపల కళ్ల దగ్గర మట్టి ముద్దగా అంటుకుని ఉంటుంది.
――――――

ఈ నేల దానికెందుకు నచ్చింది

వెచ్చటి నేల, తేమ, ఎప్పుడూ దొరికే తిండి. రాల్‌స్టోనియాకు ఈ మూడూ కావాలి. ఉత్తరాది మైదానాల్లో ఆలు చలికాలపు పంట. రాంచీ పీఠభూమిలో మాత్రం వానాకాలంలోనూ వేస్తారు. వేడి, తడి రెండూ ఒకేసారి ఉండే ఆ కాలంలో ఈ బాక్టీరియాకు ఎదురుండదు.

తిండి సంగతి ఇంకా ముఖ్యం. ఈ బాక్టీరియా బతకగల మొక్కజాతులు రెండు వందలకు పైగానే ఉన్నాయి. టమాటా, వంగ, మిరప, అల్లం, అరటి అన్నీ అందులోవే. జంషెడ్‌పూర్‌కు కూరగాయలు పండించి పంపే పటమ్‌దా వంటి చోట్ల చిన్న రైతుకు నెలనెలా చేతికి డబ్బు రావాలి. టమాటా తీసి వంగ, వంగ తీసి ఆలు, మళ్లీ మిరప వేస్తాడు. రైతు లెక్కలో అవి నాలుగు పంటలు. మట్టిలోని బాక్టీరియాకు మాత్రం అదంతా ఒకే పంట. ఆ నేలలో దానికి పస్తు ఉండదు.

విత్తనం ఇంకో దారి. చల్లటి ప్రాంతంలో పెరిగిన మొక్కలో బాక్టీరియా ఉన్నా లక్షణం బయటపడకపోవచ్చు. ఆ దుంప చూడటానికి నిగనిగలాడుతుంది. వెచ్చటి నేలలో పాతగానే లోపల దాగిన జబ్బు లేస్తుంది. విత్తన దుంపలు కోసే కత్తి ఒక్క రోగపు దుంపను తాకితే, తర్వాత కోసిన వాటన్నిటికీ దాన్ని అంటిస్తుంది.

వాము గింజలోని ఆయుధం

మొక్క పారిపోలేదు. మేసే పశువు నుంచి, కుళ్లబెట్టే సూక్ష్మజీవి నుంచి నిలబడ్డ చోటే కాచుకోవాలి. వామాకు, తులసి, నిమ్మగడ్డి, లవంగం తమ కణాల్లో దాచుకునే వాసన నూనెల్లో చాలావరకు ఆ కాపలా సరంజామాయే.

వాము వాసనకు మూలం థైమాల్ అనే పదార్థం. ఆయుర్వేద దుకాణంలో వాముపువ్వు పేరుతో దొరికే తెల్లటి పలుకులు ఇవే. వాటిని కర్పూరం, పుదీనా పువ్వుతో కలిపి సీసాలో వేస్తే మూడూ కరిగి నీరైపోతాయి. చాలా ఇళ్లలో అజీర్తికి వాడే అమృతధార అది. కర్నూలు మార్కెట్‌కు వచ్చే వాము బస్తాల్లో ఘాటెక్కించేదీ ఈ థైమాలే. పామరోజా గడ్డి నూనెలో ఎక్కువ భాగం జెరానియాల్, గులాబీని తలపించే వాసన దానిదే. నిమ్మగడ్డి నూనెలో ఎక్కువ భాగం సిట్రాల్.

ఇవి బాక్టీరియాను ఎలా చంపుతాయి? బాక్టీరియా చుట్టూ కొవ్వులతో చేసిన పలుచటి పొర ఉంటుంది. అదే కణత్వచం. లోపలి లవణాలు లోపలే ఉండాలన్నా, శక్తి తయారు కావాలన్నా ఆ పొర చెక్కుచెదరకుండా ఉండాలి. పనసకాయ కోసినప్పుడు చేతికంటిన పాలజిగురు ఎన్ని నీళ్లు పోసినా పోదు, కాస్త నూనె రాస్తే ఊడి వచ్చేస్తుంది. జిడ్డు జిడ్డులోనే కరుగుతుంది. థైమాల్‌దీ అదే తీరు. నీటిలో పెద్దగా కరగని ఆ అణువులు కణత్వచంలోని కొవ్వుల మధ్యకు దూరిపోతాయి. పొర వదులవుతుంది. ముందు పొటాషియం కారిపోతుంది, వెంటనే శక్తి నిల్వలు ఖాళీ అవుతాయి. దాడి ఒక ఎంజైమ్ మీద కాక పొర మొత్తం మీద జరుగుతుంది కాబట్టి, ఒక్క చిన్న జన్యుమార్పుతో బాక్టీరియా దీన్ని తప్పించుకోవడం కష్టం. వాసన నూనెల మీద ఆశ కలగడానికి ఇదొక గట్టి కారణం.

2003లో ఫ్లారిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ సంగతిని టమాటా మీద పరీక్షించారు. రాల్‌స్టోనియా కలిపిన కుండీమట్టిలో కొన్నిట్లో థైమాల్, కొన్నిట్లో పామరోజా, నిమ్మగడ్డి, టీ ట్రీ నూనెలు కలిపి వారం ఆగారు. మొదటి మూడింటిలో బాక్టీరియా పరీక్షకు దొరకనంతగా పడిపోయింది. టీ ట్రీ నూనె ఏ ప్రభావమూ చూపలేదు. ఘాటుగా వాసన వచ్చే ప్రతిదీ మందు కాదు. ఏ అణువు, ఏ సూక్ష్మజీవి మీద, ఏ మోతాదులో అన్నదే అసలు ప్రశ్న. లీటరు మట్టికి 700 మిల్లీగ్రాముల థైమాల్ కలిపిన కుండీల్లో నాటిన నారు ఒక్కటీ వాడలేదు.

పొలంలో ఫలితం అంత నున్నగా రాలేదు, అయినా తీసిపారేయదగింది కాదు. మందు వేసి, ప్లాస్టిక్ షీటు కప్పి, కొన్ని రోజులు ఉంచి, షీటు తీసి వారంపాటు గాలి తగలనిచ్చి, ఆ తర్వాత నారు నాటారు. తెగులుకు తేలిగ్గా లొంగే టమాటా రకంలో, ఒక సీజన్‌లో, మందు వేయని మళ్లలో వందకు 65 మొక్కలు వాడిపోయాయి. పామరోజా నూనె వేసిన చోట 33, థైమాల్ వేసిన చోట 12. హవాయిలో అల్లం కుండీమట్టి మీద చేసిన పరీక్షల్లో కూడా పామరోజా, నిమ్మగడ్డి నూనెలు బాక్టీరియాను అణచగలిగాయి. టమాటా, అల్లం, ఆలు మూడింటికీ శత్రువు ఈ బాక్టీరియాయే. వాటిని పట్టే తెగలు వేరు కావచ్చు గానీ, వాటి పొరలు అల్లుకున్నది ఒకే రకం కొవ్వులతో.

ఎకరానికి లెక్క వేస్తే

కుండీలో గెలిచిన మోతాదును పొలానికి తెచ్చి చూద్దాం. ఎకరం నేలలో పైన 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు ఆరు లక్షల లీటర్లు. లీటరుకు 700 మిల్లీగ్రాముల చొప్పున సుమారు 425 కిలోల థైమాల్ కావాలి. కిలో వెయ్యి రూపాయలే అనుకున్నా నాలుగు లక్షలు దాటుతుంది. ఆలు పండించి ఎవరూ అంత పెట్టుబడి తిరిగి రాబట్టలేరు. అదే మోతాదులో నిమ్మగడ్డి నూనె వాడదామన్నా, ఎకరం గడ్డి నుంచి ఏడాదికి వచ్చే నూనె సుమారు 40 నుంచి 60 కిలోలు. అంటే ఒక ఎకరం ఆలు కోసం ఏడు నుంచి పదకొండు ఎకరాల గడ్డిని బట్టీకెక్కించాలి. దుంప పడే చాలు మట్టికే పరిమితమై, పదోవంతుతో సరిపెట్టుకుందామన్నా 42 కిలోలు అవుతాయి.

దీనికి పక్కనే ఇంకో అంకె పెట్టి చూడాలి. నాటేటప్పుడు చాళ్లలో, ఎరువుతో కలిపి, హెక్టారుకు 12 కిలోల బ్లీచింగ్ పౌడర్ వేయమని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ చాలాకాలంగా చెబుతోంది. ఎకరానికి ఐదు కిలోలు కూడా కాదు. వాసన లేదు, హంగు లేదు, కానీ చిన్న రైతు కొనగలిగింది అదే.

మట్టి కూడా నూనెకు అడ్డుపడుతుంది. కొంత బంకరేణువులకూ సేంద్రియ పదార్థానికీ అతుక్కుని పనికిరాకుండా పోతుంది, కొంత గాలిలో కలిసిపోతుంది. షీటు కప్పాల్సింది ఆవిరి పోకుండా ఉండటానికే. మిగిలింది మంచి సూక్ష్మజీవులను కూడా దెబ్బతీస్తుంది, తొందరపడి నాటితే వేరును కాలుస్తుంది. ఎకరాల కొద్దీ పొలంలో నూనె పోయమని రైతుకు ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. నారుమడి, విత్తన దుంపలు పెంచే చిన్న ట్రేలు, గ్రీన్‌హౌస్ కుండీలు మాత్రం వేరు. మట్టి కొద్దిగా ఉంటుంది, అక్కడ తయారయ్యే ఒక్కో మొక్క విలువ ఎక్కువ. వాముపువ్వు ఖర్చు గిట్టే చోటు అది.

నూనె కొనడం కాదు, గడ్డి నాటడం

జార్ఖండ్‌లో నిమ్మగడ్డి కొత్త కాదు. గుమ్లా జిల్లా బిషున్‌పూర్‌లో ముప్పైకి పైగా మహిళా బృందాలు కలిసి దీన్ని పండిస్తున్న సంగతిని 2020 జూలైలో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ మంచి రకాలను, బట్టీలను ఊళ్లకు చేరుస్తోంది. ఆ సంస్థ కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది. మెరక నేలలో తక్కువ నీటితో పెరిగే, పశువు ముట్టని పంట కావడంతో పీఠభూమి రైతుకు ఇది అన్ని విధాలా అనువైనది.

ఆలు తెగులుకు దీనివల్ల కలిగే మేలును చాలామంది వాసనకు జమకడతారు. నా లెక్కలో అసలు మేలు దాని కులంలో ఉంది. నిమ్మగడ్డి, పామరోజా రెండూ గడ్డిజాతివి. మొక్కజొన్న, రాగి, గోధుమ వీటి చుట్టాలే. రాల్‌స్టోనియాకు గడ్డిజాతి వేళ్లలో సాధారణంగా కాపురం కుదరదు. అందుకే వాడు తెగులు సోకిన పొలంలో రెండు మూడేళ్లు మొక్కజొన్నో రాగో వేయమని సలహా ఇస్తారు. ఇక్కడివాళ్లు మడువా అనే రాగి ఈ నేలకు పాతకాపే. కానీ కూరగాయలతో రోజు గడిచే రైతు రెండేళ్లు రాగితో సరిపెట్టుకోలేడు. సలహా కాగితం మీదే మిగిలిపోవడానికి కారణం మొండితనం కాదు, ఇంటి ఖర్చు.

నిమ్మగడ్డి ఆ చిక్కును కొంత విప్పుతుంది. ఒకసారి నాటితే నాలుగైదేళ్లు నిలుస్తుంది, ఏడాదికి మూడు నాలుగు కోతలు వస్తాయి. ప్రతి కోతకూ నూనె డబ్బు చేతికి వస్తుంది. ఆ నాలుగైదేళ్లూ బాక్టీరియాకు ఇష్టమైన తిండి దొరకదు, సంఖ్య తగ్గుతూ పోతుంది. రోగం సోకిన మడిని పస్తు పెడుతూనే రైతు పస్తుండకుండా చూసే పంట ఇది.

ఒక షరతు ఉంది. గడ్డి మధ్య కాచి మొక్కలు, పిచ్చి వంగ, తనంతట తాను మొలిచిన టమాటా, మిగిలిపోయిన ఆలు దుంపల మొలకలు ఉంటే బాక్టీరియా వాటి వేళ్లలో తలదాచుకుంటుంది. వాటిని పీకకపోతే నాలుగేళ్ల పస్తు ఉత్తదే అవుతుంది. పైపొలంలో వంగ వేసి, ఆ నీరు ఈ మడిలోకి వదిలినా అంతే.

ఆవ, బంతి, వెల్లుల్లి

జార్ఖండ్ చలికాలంలో ఆవ చేలు ఎటు చూసినా పసుపే. ఆవగింజను అలాగే నోట్లో వేసుకుంటే పెద్ద ఘాటుండదు. నీళ్లు చిలకరించి నూరితే ముక్కు పుటాలు అదురుతాయి. ఆవపెట్టిన కూర చేసేవాళ్లందరికీ ఇది తెలిసిందే. గింజలో, ఆకులో గ్లూకోసినోలేట్లు ఒక అరలో, వాటిని విడగొట్టే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. కణం నలిగి తడి తగిలితే రెండూ కలిసి ఐసోథయోసయనేట్ అనే ఘాటైన ఆవిరి పుడుతుంది. పూతకొచ్చిన ఆవపైరును ముక్కలుగా నరికి, వెంటనే తడినేలలో కలియదున్ని, పైన మట్టి అదిమితే ఆ ఆవిరి నేలలోనే పుడుతుంది. ఓజోన్ పొరను కాపాడటానికి కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద మిథైల్ బ్రోమైడ్ అనే మట్టి మందును మానుకోవాల్సి రావడంతో 1990ల నుంచి ఈ పద్ధతి మీద పని ఊపందుకుంది.

ఆలు మీదే ఫలితాలున్నాయి. అమెరికాలో ఆలుకు పేరున్న మెయిన్ రాష్ట్రంలో వ్యవసాయ శాస్త్రవేత్త రాబర్ట్ లార్కిన్ బృందం ఆవజాతి పైర్లను పచ్చిరొట్టగా దున్ని, తర్వాత ఆలు వేసింది. కనోలా, రేప్‌సీడ్ దున్నిన చోట దుంప మీద నల్లటి పెచ్చులు కట్టే బ్లాక్ స్కర్ఫ్ తెగులు 70 నుంచి 80 శాతం తగ్గింది. మన ఆవజాతినే వేసిన చోట మామూలు గజ్జి తెగులు నాలుగో వంతు తగ్గింది. ఇవి వాడు తెగులు అంకెలు కావు, ఈ తేడా గుర్తుంచుకోవాలి. దున్నిన వెంటనే ఆలు పాతితే ఆ ఘాటు మొలకనే కాలుస్తుంది కాబట్టి రెండు మూడు వారాలు ఆగాలి.

బంతి సంగతి వేరు. దాని వేళ్లలోని పదార్థం వేరుబొడిపె నులిపురుగులను అణుస్తుంది. నులిపురుగు తగ్గితే వేరు మీద రంధ్రాలు తగ్గుతాయి, రాల్‌స్టోనియాకు తలుపులు తగ్గుతాయి. దేవుడి గదికి పూలు, బజారుకు బుట్టలు, మడికి కాపలా. కూరగాయ రైతుకు ఇంతకంటే సులువైన మొదటి అడుగు నాకు కనిపించదు.

ఇథియోపియాలో ఆలు మధ్య వెల్లుల్లి వేసి చూస్తే మాడు తెగులు అనే ఇంకో జబ్బు కొంత తగ్గింది. ఆ తగ్గుదలను నమ్ముకుని మబ్బు పట్టిన చలికాలపు వారంలో చేతులు ముడుచుకు కూర్చోవడం మాత్రం ప్రమాదం. 1845 నుంచి ఐర్లండ్‌ను కరువులో ముంచిన తెగులు ఇదే. అనువైన వాతావరణం దొరికితే రోజుల్లో చేను చేనంతా మాడిపోతుంది. ఆకు మీద చల్లిన వాసన నూనె ఎండకు ఆవిరవుతుంది, మంచుకు, వానకు కారిపోతుంది. తట్టుకునే రకాలు, వాతావరణ హెచ్చరిక, సమయానికి సిఫారసు చేసిన మందు తప్ప అక్కడ దగ్గరిదారి లేదు.

తవ్వాక

వాసన మొక్కలు చక్కగా పనిచేసే చోటు పొలం కంటే దుంపలు దాచే గది. నాలుగు గోడల మధ్య ఆవిరి నిలుస్తుంది, మోతాదు చేతిలో ఉంటుంది. ఆండీస్ కొండల్లో ఆలు రైతులు పుదీనా వాసన వేసే మున్యా అనే మొక్క కొమ్మలను దుంపల మధ్య పరిచి దాచుకుంటారు. మొలక రాకుండా ఆపే క్లోర్‌ప్రోఫామ్ అనే మందుకు ఐరోపా 2019లో అనుమతి పొడిగించలేదు. అప్పటినుంచి అక్కడి గిడ్డంగుల్లో పుదీనా జాతి నూనెను పొగమంచుగా వదలడం పెరిగింది. సీమ జీలకర్రలోని కార్వోన్‌ను నెదర్లాండ్స్‌లో అంతకు ముందే ఇదే పనికి వాడారు. మన దగ్గర ఇంట్లో విత్తనం దాచుకునే రైతులు ఎండిన యూకలిప్టస్, లాంటానా ఆకులను దుంపల మీద మందంగా కప్పితే దుంప తొలిచే చిమ్మట బెడద తగ్గుతుంది. లోపల దాగిన వాడు తెగులును మాత్రం ఈ ఆకులేవీ తీయలేవు. చీము కారే దుంపను ఏరి పారేయాల్సిందే. కోయకుండా మొత్తం దుంపనే నాటాలి. కోయక తప్పకపోతే దుంప దుంపకూ కత్తిని మందునీళ్లలో ముంచాలి.

జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు ఘాట్‌శిలా దగ్గర దరీసాయిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఫ్లారిడాలో టమాటా మీద వచ్చిన అంకెలను మన ఎర్రటి ఆమ్లనేలలో ఆలు మీద చూపాల్సిన పని ఇలాంటి చోటే జరగాలి. వాడు తెగులు ఉన్నట్టు గ్లాసు పరీక్షలో తేలిన ఒకే పొలాన్ని నాలుగు మళ్లు చేయాలి. ఒకదాంట్లో మడువా, ఒకదాంట్లో నిమ్మగడ్డి, ఒకదాంట్లో బంతి, ఆవ ఒకదాని తర్వాత ఒకటి, నాలుగో దాంట్లో రైతు మామూలుగా వేసే వంగ, టమాటా. మూడేళ్లు ఆగి, నాలుగింట్లోనూ ఒకే విత్తనంతో ఆలు వేయాలి. వాడిన మొక్కల లెక్కతో పాటు ఆ మూడేళ్లలో ఒక్కో మడి రైతు చేతికి ఎంత డబ్బు ఇచ్చిందో కూడా అదే పుస్తకంలో రాయాలి.